మడమ పట్టుకొని వచ్చినవాడి పేరు

1971 మార్చి మొదటివారంలో పాకిస్తాన్ సైన్యపు తూర్పు కమాండ్ అధిపతి ఢాకాలో తన పదవికి రాజీనామా సమర్పించారు. రాజకీయంగా పరిష్కరించవలసిన సమస్యను సైనిక చర్యతో అణచడం తగదని ఆయన అభిప్రాయం. ఆయన పేరు సాహిబ్‌జాదా యాకూబ్ ఖాన్. పుట్టిన ఊరు ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్. ఆ ఏడాదే డిసెంబరు 16న లొంగుబాటు పత్రం ముసాయిదాను వెంటబెట్టుకొని ఢాకాలో దిగిన భారత సేనాని మేజర్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జేకబ్. కలకత్తాలో స్థిరపడిన బాగ్దాదీ యూదుల కుటుంబం ఆయనది. ఒకరు ఆరంభించనని తప్పుకున్న పోరుకు మరొకరు ముగింపు పత్రం పట్టుకొని వచ్చారన్న మాట. ఇద్దరూ దీర్ఘాయుష్కులై, 2016 జనవరిలో పదమూడు రోజుల తేడాతో కన్నుమూశారు.

ఈ ఇద్దరు సేనానుల మధ్య సరిహద్దు ఉన్నది, మతభేదం ఉన్నది, ఒక యుద్ధమే ఉన్నది. లేనిది పేరులో భేదం. యాకూబ్, జేకబ్ అన్నవి రెండు పేర్లు కావు. ఒకే పేరుకు రెండు ఉచ్చారణలు. ఒకరికి అది తల్లిదండ్రులు పెట్టిన పేరు, మరొకరికి వంశనామం. ఒక పేరు ఎన్ని నోళ్ళలో నాని ఇన్ని రూపాలు తాల్చిందో, ఏ ఘడియలో వ్యక్తి పేరుగా ఉన్నది వంశం పేరుగా మారిందో తెలుసుకోవాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

ఆ కథ బైబిలులోని ఆదికాండములో ఉన్నది. ఇస్సాకు భార్య రిబ్కాకు కవలపిల్లలు కలిగారు. ముందుగా పుట్టిన ఏశావు ఎర్రగా, ఒళ్ళంతా రోమాలతో ఉన్నాడట. రెండవవాడు అన్న మడమను చేతితో పట్టుకొని లోకంలోకి వచ్చాడు. హీబ్రూ భాషలో మడమను ఆకేవ్ అంటారు. అందుచేత ఆ బిడ్డకు యాకోవ్ అని పేరు పెట్టారు. పెరిగిన తరువాత అతడు, వేటనుంచి అలసి వచ్చిన అన్న ఆకలి కనిపెట్టి, గిన్నెడు పప్పు వంటకానికి జ్యేష్ఠత్వపు హక్కును కొనుక్కున్నాడు. (మన తెలుగు బైబిలు అనువాదకులు ఆ పప్పును చిక్కుడుకాయల వంటకంగా మార్చారు.) పిమ్మట చూపు మందగించిన తండ్రి వద్ద అన్నవలె నటించి ఆశీర్వాదం కూడా పొందాడు. మడమను సూచించే ఆ ధాతువుకే వెనుకనుంచి వచ్చి ఒకరి స్థానం లాక్కోవడమనే అర్థం కూడా ఉన్నది. కనుక మోసపోయిన ఏశావు తమ్ముని పేరునే ఎత్తిపొడుపుగా వాడుకున్నాడు. పేరుతో పరిహాసమాడటం అంత పాత విద్య.

ఈ వ్యుత్పత్తిని భాషాశాస్త్రజ్ఞులందరూ ఒప్పుకోరు. దేవుడు కాపాడుగాక అన్న అర్థం గల పొడుగుపాటి పేరు క్రమంగా పొట్టిదై యాకోవ్ అయిందని పలువురి మతం. హిక్సోసులు ఈజిప్టును ఏలిన కాలపు ముద్రికల మీద యాకూబ్‌హర్ అనే పాలకుని పేరు కనబడుతుంది. అనగా బైబిలు గ్రంథస్థం కాకముందే పశ్చిమాసియాలో ఈ జాతి పేర్లు చెలామణిలో ఉన్నవే. మడమ కథ ఆ పేరుకు తరువాత కట్టిన కథ కావచ్చును. అయితేనేమి, లోకం గుర్తుంచుకున్నది కథనే.

హీబ్రూ పేరు గ్రీకులోకి వెళ్ళినప్పుడు రెండుగా చీలింది. పాత నిబంధనలోని పితామహుని గ్రీకువారు యకోబ్ అని మార్పులేకుండా ఉంచారు. క్రీస్తు శిష్యులలో ఆ పేరుగలవారికి మాత్రం తమ వ్యాకరణం ప్రకారం విభక్తి చేర్చి యకోబోస్ అన్నారు. లాటిను దానిని యకోబుస్ చేసింది. తరువాతి కాలపు వాడుక లాటినులో బకారం మకారమై యకోముస్ అన్న రూపం పుట్టింది. ఇక్కడినుంచి దారులు విడిపోయాయి. మకారపు దారిన వెళ్ళినది ఇటలీలో జాకొమో, స్పెయిన్‌లో హైమె, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లండు చేరి జేమ్స్ అయింది. బకారపు దారిన వెళ్ళినది జర్మనీలో యాకోబ్, ఫ్రాన్సులో జాక్, వేల్సులో యాగో. స్పెయిన్‌వారు పునీత యాగోను సాంత్ యాగో అని పిలిచి పిలిచి రెండు మాటలను ఒకటిగా కలిపివేయగా సాంతియాగో వచ్చింది. పోర్చుగీసువారు ఆ కలిసిన మాటను తిరిగి విడగొట్టబోయి తప్పు చోట విరిచారు. తకారం పేరుకే అతుక్కొని తియాగో అయింది. స్కాట్లండు కొండప్రాంతంలో ఇదే పేరు షేమస్. ఆ పేరుగలవానిని కేకవేసి పిలిచేటప్పుడు సంబోధన రూపంలో మొదటి అక్షరం హకారంగా వినబడుతుంది. పొరుగువారు దానినే అసలు పేరనుకొని హేమిష్ అని రాసుకున్నారు. పక్కింటివాళ్ళు పిల్లవాణ్ణి పిలిచిన పిలుపు విని, ఆ పిలుపే పేరని బడి రిజిస్టరులో ఎక్కించినట్లు.

ఇంగ్లీషు పాఠకునికి ఈ చీలిక వలన ఒక నష్టం కలిగింది. అతని బైబిలులో పాత నిబంధనలోని పితామహుడు జేకబ్, కొత్త నిబంధనలోని శిష్యుడు జేమ్స్. తాత పేరే మనుమలకు పెట్టారన్న సంగతి అతనికి పుట తిప్పితే తెలియదు, ఎవరైనా చెప్పాలి. తెలుగు పాఠకునికి ఆ బాధ లేదు. మన బైబిలులో ఏశావు తమ్ముడు యాకోబు, జెబెదయి కుమారుడు యాకోబు, పత్రిక రాసినవాడూ యాకోబే. ఈ ఒక్క విషయంలో తెలుగు అనువాదం మూలానికి ఇంగ్లీషు అనువాదం కంటే దగ్గరగా నిలిచింది. అయినా దొరల పేర్ల మోజు తక్కువదా? కృష్ణా గుంటూరు మండలాలలో ఒక కొడుకుకు యాకోబు అనీ మరొక కొడుకుకు జేమ్సు అనీ పేర్లు పెట్టుకున్న ఇల్లు ఉంటే, ఆ తల్లి ఇద్దరు కొడుకులకూ ఒకే పేరు పెట్టినదన్న మాట.

తూర్పు దారి వేరు. సిరియాక్‌లో యాకోబ్, అరబ్బీలో యాకూబ్, ఆర్మేనియాలో హకోబ్, రష్యాలో యాకవ్. ఖురానులో యాకూబ్ ప్రవక్తలలో ఒకడు గనుక మొరాకో మొదలు మలయా వరకు ఈ పేరు వ్యాపించింది. 9వ శతాబ్దిలో బాగ్దాదులో వెలసిన తత్త్వవేత్త అల్ కిందీ పూర్తి పేరు అబూ యూసుఫ్ యాకూబ్ ఇబ్న్ ఇస్‌హాక్. యూసుఫ్ తండ్రి, ఇస్‌హాక్ కొడుకు అయిన యాకూబ్ అని దీని అర్థం. ఆదికాండములోని మూడు తరాలూ ఒక మనిషి పేరులో వరుసగా వచ్చి కూర్చున్నాయి. నైజీరియాను 1966 నుంచి 1975 వరకు పాలించిన యాకుబు గొవొన్ పేరు కూడా ఈ అరబ్బీ దారిన వెళ్ళినదే. ఆయన మాత్రం క్రైస్తవుడు.

ఇంతవరకు చెప్పినదంతా వ్యక్తుల పేరు. అది వంశనామం కావడం మరొక కథ.

లోకంలో చాలాచోట్ల మనిషిని గుర్తుపట్టడానికి తండ్రి పేరు జోడించడమే పద్ధతి. యాకోబు కొడుకు యాకోబ్సన్, యాకోబ్సెన్, యాకవ్లెవ్, హకోబ్యాన్, యాకూబ్‌జాదా. రష్యాలో యాకవ్‌కు ముద్దుపేరు యాషా. యాషా సంతతివారు యాషిన్లు. 1963లో ఐరోపాలో ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగానిగా ఎన్నికైన గోల్‌కీపర్ లేవ్ యాషిన్ ఇంటిపేరు అది. యాక్ అన్న రెండక్షరాలతో రెండవ ప్రపంచయుద్ధంలో పేరుకెక్కిన సోవియట్ విమానాలు వాటి రూపశిల్పి యాకవ్లెవ్ పేరిటివి. బోస్నియాలో యాకవ్‌ల్యెవిచ్ అంటే సెర్బు, యకూపొవిచ్ అంటే ముస్లిము అని వినగానే పోల్చుకుంటారు. రెండింటి అర్థమూ యాకోబు కొడుకనే. 1992లో అక్కడ యుద్ధం మొదలైన తరువాత అటువంటి ఒకటి రెండు అక్షరాల తేడా మనిషి ప్రాణానికి ముప్పు కాగలిగింది.

ఈ తండ్రి పేరు మొదట ఒక తరానికే పరిమితం. జాన్ కొడుకు జేకబ్ అయితే అతడు జేకబ్ జాన్సన్. అతని కొడుకు పీటర్ అయితే పీటర్ జేకబ్సన్. తరం మారితే పేరు మారుతుంది. నేటికీ ఐస్‌లాండులో ఇదే ఆచారం. 2017 నుంచి 2024 వరకు ఆ దేశపు ప్రధానమంత్రిగా ఉన్న కాత్రీన్ యాకోబ్స్‌దోత్తిర్ పేరులో రెండవ మాట వంశనామం కాదు. యాకోబ్ కుమార్తె అని మాత్రమే దాని అర్థం. అక్కడి టెలిఫోన్ డైరెక్టరీ పెట్టిన పేర్ల వరుసలోనే ఉండేది. వేరే వరుస పెడితే సగం దేశం తికమకపడేది.

మరి తక్కిన చోట్ల ఈ ప్రవాహం ఎందుకు ఆగిపోయింది? ప్రజలు ఆపలేదు, దస్తావేజులు ఆపాయి. పన్ను వసూలు చేసేవానికి, సైన్యంలోకి మనుషులను పట్టుకుపోయేవానికి తరం తరానికీ పేరు మారడం తలనొప్పి. ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్ 1787లో తన రాజ్యంలోని యూదులందరూ స్థిరమైన వంశనామం పెట్టుకోవాలని శాసించాడు. నెపోలియన్ 1808లో ఫ్రెంచి రాజ్యంలోని యూదులకు అదే ఆజ్ఞ ఇచ్చాడు. 1811లో, అప్పుడు తన ఏలుబడిలో ఉన్న హాలెండులో యావత్ప్రజలకూ వర్తింపజేశాడు. ప్రష్యాలో అది 1812. డెన్మార్కు 1828లో పిల్లలకు నామకరణ సమయంలోనే కుటుంబనామం రాయించాలన్నది. ఆ రోజున గుమాస్తా ముందు నిలబడ్డవాని తండ్రి పేరు యాకోబు అయితే, అతని సంతతి యావత్తూ ఆచంద్రార్కం యాకోబు కొడుకులే. గుమాస్తా కలంలో సిరా ఆరేలోగా ఒక తరం పేరు అన్ని తరాల పేరు అయి గడ్డకట్టింది.

జర్మనీలో యూదుల పేర్లు ఇలా నిలిచిన కాలంలోనే, 1804లో, పోట్స్‌డామ్‌లో ఒక బాంకరుకు పుట్టిన కుమారుడు పెద్దవాడై గణితశాస్త్రంలో ఘనుడయ్యాడు. కార్ల్ గుస్తావ్ యాకోబ్ యాకోబీ. పెట్టిన పేరులో ఒకసారి, వంశనామంలో ఒకసారి యాకోబు. జేకోబియన్ అన్న మాట వినకుండా మన ఇంజనీరింగు విద్యార్థి గణితంలో గట్టెక్కలేడు. మడమ పట్టుకొని వచ్చినవాడు గణితపాఠంలోకి కూడా వచ్చి కూర్చున్నాడని వారిలో ఎందరికి తెలుసునో!

పేరు ఎంచుకునే హక్కు గుమాస్తా ముందు నిలబడ్డవానికి కొంతైనా ఉన్నది. బానిసకు అదీ లేదు. 1861లో తన దాస్యజీవిత కథను ప్రకటించిన అమెరికన్ నల్లజాతి రచయిత్రి హారియెట్ జేకబ్స్ తండ్రి ఈలైజా, యజమాని పేరిట నాక్స్‌గా చెలామణి అయినాడు. పిల్లలు వాడుకున్న జేకబ్స్ అన్న పేరు, ఈలైజాకు జన్మనిచ్చినాడని చెప్పే ఒక శ్వేతజాతీయునిది. దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతంలో కలర్డ్ అని పిలువబడే జనంలో జేకబ్స్ సర్వసాధారణమైన వంశనామం. డచ్చివారు ఆ రేవుకు తెచ్చిన బానిసలలో బెంగాలువారు, మలబారువారు, మన కోరమండల్ తీరంవారు కూడా ఉన్నారు. చిట్టాలలో వారిని కొత్తగా పెట్టిన పేరుతోనూ, తెచ్చిన ప్రాంతం పేరుతోనూ రాసుకునేవారు. తల్లి పెట్టిన పేరు ఆ చిట్టాలలో చాలామందికి మిగలలేదు. ఇటువంటివారి మనుమలలో ఒక జేకబ్స్‌ను చూసి ఇతడు యూదుడా, డచ్చివాడా అని ఆలోచించడం వ్యర్థం.

పేరు మతాన్ని గాని జాతిని గాని చెప్పలేదనడానికి దక్షిణాసియాలోనే చక్కని తార్కాణాలు ఉన్నాయి. పాకిస్తాన్‌లో, సింధులో, వేసవి ఎండ 50 డిగ్రీలు దాటే పట్టణంగా వార్తలకెక్కే జాకబాబాద్ ఉన్నది. వినగానే ఏ యాకూబో కట్టించినట్లు తోస్తుంది. నిజానికి అది సోమర్‌సెట్‌లోని ఒక ఆంగ్లికన్ మతగురువు కొడుకు, బ్రిగేడియర్ జనరల్ జాన్ జేకబ్ పేరు. ఖాన్‌గఢ్ అన్న చిన్న గ్రామం వద్ద దండు దించి, రోడ్లు కాలువలు వేయించి ఊరు నిలబెట్టాడు. 1858లో అక్కడే మరణించాడు. సమాధి అక్కడే ఉన్నది. ఆంగ్లేయులు వెళ్ళిపోయినా ఊరి పేరు మారలేదు.

రెండవ తార్కాణం హైదరాబాదు వారికి సుపరిచితం. సిమ్లాలో రత్నాలు, పురాతన వస్తువులు అమ్ముకునే అలెగ్జాండర్ మాల్కం జేకబ్ అనే వర్తకుడు 1891లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఒక పెద్ద వజ్రం చూపించాడు. దాని బరువు సుమారు 185 క్యారట్లు. ముందుగా పెద్ద మొత్తం ముట్టింది. తరువాత బేరం బెడిసికొట్టింది. వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కింది. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు కాని ఆ దెబ్బనుంచి కోలుకోలేదు. 1921లో బొంబాయిలో దరిద్రుడై పోయాడు. వజ్రం నిజాం వద్దనే మిగిలింది. తండ్రి మరణించిన తరువాత ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు అది ఒక జోడు కొనలో దొరికిందనీ, ఆయన దానిని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాడనీ చెబుతారు. 1995లో భారత ప్రభుత్వం సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం ఆభరణాలలో అదీ ఒకటి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు జనం బారులు తీరి చూసినది ఈ జేకబ్ వజ్రాన్నే.

మరి ఆ జేకబ్ ఎవరు? సిమ్లాలో కొందరు ఆయనను యూదుడన్నారు, కొందరు ఆర్మేనియన్ అన్నారు, తుర్కీలో పుట్టాడన్నారు, రష్యా గూఢచారి అని కూడా గుసగుసలాడారు. ఆ మూడక్షరాల పేరు వీటిలో దేనినీ ఖండించదు, దేనినీ రుజువు చేయదు. ఆయనకు అదే అక్కరకు వచ్చింది కాబోలు. కిప్లింగ్ తన కిమ్ నవలలోని లర్గన్ సాహెబు పాత్రను ఈయనను చూసే మలచాడంటారు. అంతకుముందే 1882లో క్రాఫర్డ్ అనే అమెరికన్ నవలాకారుడు ఈయనను నాయకునిగా చేసి, పేరు మాత్రం మార్చి, మిస్టర్ ఐజక్స్ అని పుస్తకం రాశాడు. జేకబ్‌కు మారుపేరు కావాలని వెదికిన రచయితకు బైబిలులోని అతని తండ్రి పేరే తట్టింది!

కేరళకు వస్తే ఈ పేరు ఐరోపావారి పడవలు రాకముందే అక్కడ ఉన్నది. సిరియన్ క్రైస్తవుల ఆరాధనభాష సిరియాక్. ఆ యాకోబ్ మలయాళీల నోట చాకో అయింది. పడమటి మిషనరీలు వచ్చిన తరువాత జేకబ్ కూడా చేరింది. సిరియన్ చర్చిలోని ఒక వర్గాన్ని యాకోబాయ అని వ్యవహరించడం 578లో మరణించిన సిరియా బిషప్పు యాకోబ్ బరదాయి పేరునుబట్టి. ఆయన చక్రవర్తి భటుల కంటబడకుండా చింకిగుడ్డలు కట్టుకొని ఊరూరా తిరిగి చర్చిని నిలబెట్టాడని ప్రతీతి.

అయితే కేరళ క్రైస్తవుని పేరు చివరనున్న జేకబ్ నిజానికి వంశనామం కాదు. ఐస్‌లాండులో వలె అది తండ్రి పేరు. పెద్దకొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండవ కొడుకుకు తల్లి తండ్రి పేరు పెట్టడం సంప్రదాయం. కనుక జేకబ్ థామస్ అనేవానికి పెద్దకొడుకు థామస్ జేకబ్. వానికి పెద్దకొడుకు మళ్ళీ జేకబ్ థామస్. రెండు పేర్లు తరతరానికీ ఉయ్యాల ఊగుతూ ఉంటాయి. అసలైన వంశనామం తరవాడు పేరు. అది మన ఇంటిపేరు వంటిదే; చాలాసార్లు ఒక పొడి అక్షరంగా పేరు ముందు ఒదిగి ఉంటుంది.

తెలుగుదేశంలో బైబిలు పేర్లు వంశనామాలు కాకపోవడానికి కారణం ఇదే. ఆ స్థానం ఖాళీగా లేదు. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యాన 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు, అత్యధికులు మాదిగలు. కొత్త మతంలో చేరినవారికి తరచు కొత్త పేరు వచ్చేది. ఇంటిపేరు మాత్రం ఎప్పటిదే. మహాకవి గుర్రం జాషువ పేరులో ఈ అమరిక స్పష్టంగా కనబడుతుంది. మొదటి మాట ఊరిది, రెండవది హీబ్రూది. జాషువ, యేసు అన్నవి కూడా ఒకే పేరుకు రెండు రూపాలే. దీనికి అరుదైన మినహాయింపు గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కనున్న కొత్తరెడ్డిపాలెంలో ఉన్నది. తాము ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయీము సంతతివారమని చెప్పుకొని, యూదమతం పాటిస్తున్న చిన్న సమాజం అక్కడిది. దానికి నాయకత్వం వహించిన కుటుంబం యాకోబీ అన్నది వంశనామంగా పెట్టుకున్నది. అక్కడ ఏ గుమాస్తా ఒత్తిడీ లేదు; పేరు ముందు, చరిత్ర దాని వెనుక నడిచాయి.

ఒత్తిడి మరొకచోట ఉన్నది. 1950 నాటి షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను హిందువులకు పరిమితం చేసింది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులు వెనుకబడిన తరగతుల సి వర్గంలో, ఒక్క శాతం కోటాలో ఉన్నారు. అందుచేత చర్చిలో యాకోబు అయినవాడు బడి రిజిస్టరులో మరొక పేరుతో ఉండటం పల్లెలలో వింత కాదు. చర్చి రికార్డు, తహసీలు కార్యాలయపు రికార్డు ఒకే మనిషిని ఇద్దరుగా చూపుతాయి. రెండవ జోసెఫ్ చక్రవర్తి గుమాస్తా ముందు నిలబడ్డ యూదునికి ఒక పేరు నిలుపుకుంటే చాలు. ఇక్కడ ఒక మనిషి రెండు పేర్లను, వాటితోపాటు రెండు సమాధానాలను, జీవితాంతం జ్ఞాపకం పెట్టుకోవలసి వస్తున్నది. ఆ భారం ఆ పేరుది కాదు. దాన్నిబట్టి మనిషి అర్హతను తూచే కాగితానిది.

ఐరోపాలో రెండువందల ఏళ్ళ క్రితం జరిగిన గడ్డకట్టడం ఇప్పుడు కేరళవారికి జరుగుతున్నది. కొట్టాయంలో జేకబ్ అనే ఆయనకు ఇద్దరు కొడుకులు ఉన్నారనుకుందాం. థామస్ జేకబ్, కురియన్ జేకబ్. పెద్దవాడు ఉద్యోగం మీద హ్యూస్టన్ వెళ్ళాడు. అక్కడి ఫారంలో పేరుకు ఒక గడి, వంశనామానికి ఒక గడి. రెండవ గడిలో జేకబ్ అని రాశాడు. ఇక అతని కొడుకు జేకబ్, కూతురు జేకబ్, మనుమలూ జేకబ్‌లే. కొట్టాయంలో ఉండిపోయిన చిన్నవాని పిల్లలు పాత పద్ధతి ప్రకారం తండ్రి పేరు చేర్చుకొని కురియన్‌లు అయ్యారు. అన్నదమ్ముల పిల్లలు వేసవి సెలవులలో తాత ఇంట కలుసుకున్నప్పుడు వారి పాస్‌పోర్టులలో ఉమ్మడిగా ఒక్క మాట కూడా లేదు. తరవాడు పేరు కొట్టాయం పిల్లలకు ఒక పొడి అక్షరంగా మిగిలింది. హ్యూస్టన్ పిల్లలకు దాన్ని రాసుకోవడానికి గడి లేదు.